తొక్కు, పట్టుకో, వదులు

మొన్న నా కారు బ్రేకు మెత్తబడింది. తొక్కితే పెడల్ పాత దూదిపరుపులా లోపలికి దిగిపోతోంది. రెండోసారి తొక్కితేగాని బండి ఆగడం లేదు. అరవై దాటినదాన్ని, నా కాళ్ళ సంగతి నాకు తెలుసు కాబట్టి ముందు నా కాలినే అనుమానించాను. తరవాత రాజమండ్రిలో ఒక సర్వీసింగు సెంటరుకి తీసుకెళ్ళాను. అక్కడ ఏసీ గది, సోఫా, కాగితం గ్లాసులో కాఫీ. టై కట్టుకున్న కుర్రాడొకడు నా కారుని అద్దాల గోడ అవతలికి పంపించి, "మీరిక్కడే కూర్చోండి మేడమ్, లోపలికి కస్టమర్లని రానివ్వమండి" అన్నాడు. కాన్పు గది బయట మగాడు కూర్చున్నట్టు కూర్చున్నాను. కాసేపటికి ఎవరో తలుపు తీసుకుని ఇవతలికి వచ్చారు. ఆయనతోపాటు బ్రేక్ ఆయిల్ వాసన కూడా వచ్చింది. కాస్త తియ్యగా, కాస్త నీచుగా, ఒకసారి పీలిస్తే మరిచిపోలేని వాసన. మిగతా కస్టమర్లు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం కోడికూర గుర్తొచ్చింది.

ఎందుకంటే మా ఇంట్లో ఆ రెండు వాసనలూ ఆదివారమే వచ్చేవి. మా నాన్నగారు హైస్కూల్లో సైన్సు మాస్టారు, చర్చిలో సంఘ పెద్ద. మొగల్తూరుకి కాస్త ఇవతల, కాలవ ఒడ్డున మా ఊరు. ఆ చుట్టుపక్కల కారున్న మాస్టారు ఆయనొక్కరే. ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోతున్న ఒక కాంట్రాక్టరు దాన్ని మా నాన్నగారికి అంటగట్టి వెళ్ళాడు. నాన్నగారు మాత్రం కడదాకా 'నేను ఏరి కోరి కొన్న బండి' అనే చెప్పుకున్నారు. బూడిదరంగులో, గుండ్రంగా, చెవులు తప్ప అన్నీ ఉన్న ఏనుగుపిల్లలా ఉండేది. మా నాన్నమ్మ దాన్ని గున్న అనేది. "గున్నకి ఒంట్లో ఎలా ఉందిరా ఇవాళ?" అని కొడుకుని అడిగేది. ఎప్పుడడిగినా దానికి ఒంట్లో బాగుండేది కాదు. అయినా నాన్నగారు దాన్ని మెకానిక్కు గడప తొక్కనిచ్చేవారు కాదు. మెకానిక్కు అనేవాడు ఒక జబ్బు తగ్గించి రెండు జబ్బులు పెట్టి పంపుతాడని ఆయన సిద్ధాంతం. ఆయన చేతిలో ఆ మొదటి జబ్బు కూడా తగ్గేది కాదు, అంతే తేడా.

ఆదివారం ఆరాధన అయ్యేసరికి మధ్యాహ్నం అయ్యేది. ఇంటికి రాగానే అమ్మ పట్టుచీర మడతపెట్టి, వెలిసిపోయిన నేతచీర కట్టుకుని, పొయ్యి మీద కోడికూర పడేసి, కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి డ్రైవరు సీట్లో కూర్చునేది. అమ్మకి కారు నడపడం రాదు. స్టీరింగు ముట్టుకోవడం కూడా నిషేధమే. ఆవిడ పనల్లా బ్రేకు తొక్కడం. నాన్నగారు గోనెపట్టా పరుచుకుని, చొక్కా విప్పి, బనీనుతో బండి కిందకి దూరేవారు. బయటికి రెండు పాదాలే కనిపించేవి. చక్రం వెనకాల గాలి తియ్యడానికి ఉండే చిన్న నిపుల్‌కి ప్లాస్టిక్ గొట్టం తగిలించి, ఆ గొట్టం రెండో కొస ఆయిలున్న సీసాలో ముంచి పట్టుకుని, కిందనుంచి కేక పెట్టేవారు. 

"తొక్కు!"

అమ్మ తొక్కేది.

"ఇంకా తొక్కు! తొక్కూ, వదులూ, తొక్కూ... ఆఁ, ఇప్పుడు పట్టుకో. వదిలావంటే ఊరుకోను."

అమ్మ పట్టుకునేది. నాన్నగారు పానాతో నిపుల్ వదులు చేస్తే గొట్టంలోంచి ఆయిలూ, దానితోపాటు గాలిబుడగలూ వచ్చేవి. పెడల్ మెల్లిగా కిందకి దిగేది. నిపుల్ మళ్ళీ బిగించాకే 'వదులు' అనాలి. ఆ మాటకి ముందే కాలు తీస్తే వెళ్ళిన గాలి వెళ్ళినట్టే తిరిగి లోపలికి వస్తుంది. నాకు ఈ సంగతి ఆయన ఏడో తరగతి పాఠంలా చెప్పారు. "బ్రేకంటే ఏంటనుకున్నావు బుజ్జీ? మన కాలి బలాన్ని ఆయిలు మోసుకెళ్ళి చక్రానికి అప్పజెబుతుంది. మధ్యలో గాలి దూరిందనుకో, మన బలమంతా ఆ గాలిని నలపడానికే సరిపోద్ది. అందుకే పెడల్ మెత్తగా ఉంటుంది." చెప్పడంలో ఆయనకి తిరుగులేదు. 

సరిగ్గా పెడల్ సగం దిగిన సమయానికి వసారాలో నులకమంచం మీంచి నాన్నమ్మ కేకేసేది. "అమ్మాయ్, కూర అడుగంటుతోంది!" అమ్మ ఉలిక్కిపడి కాలు తీసేసేది. బండి కిందనుంచి ఒక మూలుగు వినిపించేది. సంఘ పెద్ద గనక తిట్లు రావు. బదులుగా "దేవా!" అనేవారు. ఆ దేవాలో ఉన్నంత కోపం నేను ఏ బూతులోనూ వినలేదు. మళ్ళీ మొదటి చక్రం నుంచి మొదలు. గాలి తియ్యడం అయ్యేసరికి కూర మాడేది, లేదా కూర కుదిరితే బ్రేకు కుదిరేది కాదు. రెండూ కుదిరిన ఆదివారం నాకు జ్ఞాపకం లేదు. 

ఇంకో సంగతి. మా ఇంట్లో అమ్మా నాన్నగారూ మాట్లాడుకోవడం తక్కువ. నాన్నమ్మ ఎదురుగా మొగుడూ పెళ్ళాలు కబుర్లాడుకోవడం మర్యాద కాదన్నది నాన్నమ్మ పెట్టిన చట్టం. ఉప్పు కావాలన్నా "బుజ్జీ, మీ అమ్మనడుగు" అనేవారు ఆయన. కానీ బండి కింద దూరాక ఆ చట్టం చెల్లదు. పైనున్న మనిషికి ఆయిలు కనపడదు, కిందున్న మనిషికి కాలు కనపడదు, మాట్లాడుకోకపోతే పని జరగదు. "సుగుణా, ఎలా ఉంది?" అని కిందనుంచి. "ఇప్పుడు కాస్త నయమండీ, ఇందాకటంత కిందకి పోవట్లేదు" అని పైనుంచి. వీధిలో పోయేవాళ్ళకి అమ్మ ఎవరితో మాట్లాడుతోందో తెలిసేది కాదు. నాకు పెళ్ళయ్యాక తట్టింది, వాళ్ళ కాపురంలో సగం ఆ గోనెపట్టా మీదే గడిచిందని. 

ఇక నాన్నమ్మ మోకాళ్ళు. ఆవిడకి దేవుడి తరవాత భయభక్తులు వాటి మీదే. వావిలాకు, కర్పూరం నూనె, ఎవరో ఉప్పాడ నుంచి తెచ్చిచ్చిన చేపనూనె, ఏది దొరికితే అది రాసేది. నూనె ఎంత కంపు కొడితే అంత గుణం ఎక్కువని ఆవిడ నమ్మకం. నేను డిగ్రీ చదివే రోజుల్లో మోకాళ్ళు కాస్త తేలికపడ్డాయని ఆవిడే చెప్పుకునేది. "నీ ప్రార్థన ఫలించిందే బుజ్జీ" అని నా తల నిమిరేది. నేను డిగ్రీ పరీక్షల గురించి తప్ప దేని గురించీ ప్రార్థన చేసిన పాపాన పోలేదు. అయినా ఆ పేరు ఉంచేసుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం గున్న బ్రేకు మరీ మెత్తబడింది. చర్చి నుంచి వస్తూ మా వీధి మలుపులో ఆగాల్సిన బండి ఆగకుండా పక్కింటివాళ్ళ గడ్డిమేటులో ముక్కు పెట్టి ఆగింది. నాన్నగారు అన్నం కూడా తినకుండా గోనెపట్టా పరిచారు. వసారా కిటికీలో పాత టానిక్కు సీసాలో దాచిన బ్రేక్ ఆయిల్ కోసం చూస్తే, సీసా ఖాళీ. ఆయన సీసాని వెలుగుకెత్తి చూసి, బోర్లించి చూసి, అమ్మ వైపు చూశారు. 

"నువ్వు ఒలకబోశావు."

"నేను దాని జోలికే వెళ్ళలేదండీ."

"మరి ఆవిరైపోయిందా? అది ఆవిరయ్యే ఆయిలు కాదు."

"కిటికీలు తుడిచేది నేను గనక ఒలికినా నేనే, ఆవిరైనా నేనేనన్నమాట!" అని అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆదివారం కొట్లుండవు. నాన్నగారు కాసేపు వసారాలో అటూ ఇటూ తిరిగి, అమ్మ కుట్టుమిషను సొరుగులోంచి మిషనాయిల్ డబ్బా తెచ్చారు. అమ్మ మొహం ముడుచుకునే వచ్చి సీట్లో కూర్చుంది గాని, వాసన చూడగానే ఉండబట్టలేకపోయింది. "ఏమండీ, ఇది అది కాదండీ. వాసనే వేరు." 

"వాసనతో బ్రేకు పడదు. ఆయిలంటే ఆయిలే. ద్రవపదార్థం నలగదు, అది సూత్రం. నువ్వు తొక్కు."

తొక్కింది. ఆ రోజు గాలి చక్కగా వచ్చేసింది, పెడల్ గట్టిపడింది. నాన్నగారు బండి కిందనుంచి బయటికొచ్చి, స్వయంగా తొక్కి చూసుకుని, "రాయి! రాయిలా ఉంది!" అని ఊరంతా వినపడేలా అన్నారు. రెండ్రోజులు పోయాక అది నిజంగానే రాయి అవడం మొదలెట్టింది. బడినుంచి వచ్చాక నాన్నగారు, బండి ఎందుకో బరువుగా కదులుతోందన్నారు. అమ్మ ఎవరూ అడక్కుండానే వెళ్ళి ఒకసారి తొక్కి చూసి, "గట్టిగా ఉంది సరే, కాలు తీస్తే పైకి రావట్లేదండీ" అంది. "కొత్తగా చేశాం కదా, సర్దుకుంటుంది" అన్నారాయన. ఆ తరవాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. సీసా సంగతి అమ్మ మరిచిపోలేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున్న నాన్నమ్మకి ఆయాసం వచ్చింది. ఇదివరకూ వచ్చేది గాని ఇంతలా ఎప్పుడూ రాలేదు. పెదాలు నల్లబడ్డాయి. మాట మధ్యలో తెగిపోతోంది. నరసాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బస్సు అప్పుడే వెళ్ళిపోయింది. నాన్నగారు, నేను కలిసి నాన్నమ్మని వెనకసీట్లో కూర్చోబెట్టాం. నేను పక్కన కూర్చుని ఆవిడ వీపు నిమురుతున్నాను. అమ్మ ముందు సీట్లో కూర్చుంది. బండి కదిలింది గాని ఎవరో వెనకనుంచి పట్టి లాగుతున్నట్టు ఏడుస్తూ కదిలింది. కాలవగట్టు మీద కొంతదూరం పోయేసరికి మాడువాసన. వెనక్కి చూస్తే చక్రం దగ్గర పొగ. ఇంకాస్త దూరంలో గున్న అడుగు వేయనంటే వేయనని నిలబడిపోయింది. నాలుగు చక్రాలూ బ్రేకు పట్టేసుకుని ఉన్నాయి.

ఆ గట్టు మీద మనిషి లేడు. ఒక పక్క కాలవ, ఒక పక్క వరిచేలు. నాన్నమ్మ ఊపిరి ఈలలా వినిపిస్తోంది. నాన్నగారు దిగి చక్రం మీద నీళ్ళు చల్లితే చుయ్యిమంది. ఆయన మొహం చూశాను. సైన్సు మాస్టారు, సంఘ పెద్ద ఎవరూ లేరు అందులో. తల్లి చచ్చిపోతుందేమోనని భయపడుతున్న కొడుకు ఉన్నాడు. 

"ఆ మిషనాయిల్‌కి లోపల రబ్బర్లు ఉబ్బిపోయి ఉంటాయి" అన్నారు, ఎవరికో చెబుతున్నట్టు. "తొక్కిన బలం లోపలే బిగుసుకుపోయింది. తిరిగి రావట్లేదు."

"అయితే వదిలెయ్యండి దాన్ని" అంది అమ్మ. 

"ఏంటి?"

"ఆదివారం నిపుల్ వదులు చేస్తే నా కాలి కింద పెడల్ దిగిపోద్ది కదండీ. లోపలున్నది బయటికి పోబట్టే కదా? ఇప్పుడూ అలాగే పోనివ్వండి."

నాన్నగారు ఇస్త్రీ ప్యాంటుతోనే మట్టిలో వెల్లకిలా పడుకుని చక్రం కింద చెయ్యి పెట్టారు. పానా తిప్పగానే ఆయిలు పిచికారీలా ఆయన చొక్కా మీదకి కొట్టింది. బండి ఒక్కసారి నిట్టూర్చినట్టు ముందుకి కదిలింది. అమ్మ హ్యాండ్‌బ్రేక్ లాగి ఆపింది. ఆయన నిపుల్ బిగించి, లేచి నిలబడి చెప్పారు. "ఇక పెడల్ మీద కాలు పెట్టకూడదు. పెట్టానంటే మళ్ళీ పట్టేస్తుంది. బ్రేకు లేకుండా పోవాలి."

"ఇది ఉందిగా" అని అమ్మ రెండు సీట్ల మధ్యనున్న హ్యాండ్‌బ్రేక్ చూపించింది. "తీగతో పని చేసేది కదా ఇది? మీరు తిప్పండి, నేను ఆపుతాను."

అలా నరసాపురం వైపు బయల్దేరాం, స్టీరింగు ఒకరిది, బ్రేకు ఒకరిది. నాన్నగారు తక్కువ గేర్లో మెల్లగా పోనిస్తూ కళ్ళు రోడ్డు మీంచి తిప్పకుండా అరిచేవారు. "లాగు సుగుణా! కొంచెం!"

"కొంచెమంటే ఎంతండీ?"

"కొంచెమంటే కొంచెం! ఆఁ, చాలు! వదులు!"

సైకిలు మీద పాలవాడొకడు మా కారు లోపలి కేకలు విని, ఇంట్లో గొడవ రోడ్డెక్కిందనుకుని తప్పుకున్నాడు. ఊరు దగ్గరపడ్డాక కాలవ మీద ఎత్తు వంతెన ఒకటుంది. ఎక్కడం ఎక్కాం. పైకి వెళ్ళి చూస్తే, దిగువన రోడ్డు నిండా బాతులు. ఒక బాతులాయన కర్ర పట్టుకుని వాటిని చేలోంచి కాలవలోకి తోలుతున్నాడు. వందలకొద్దీ బాతులు, తాపీగా, ఎన్నికల ఊరేగింపులా నడుస్తున్నాయి. గున్న కిందకి దొర్లడం మొదలుపెట్టింది. నాన్నగారి కాలు అలవాటు కొద్దీ పెడల్ మీదకి లేచింది.

"పెట్టకండి!" అని అరిచి, అమ్మ రెండు చేతులతో హ్యాండ్‌బ్రేక్ పట్టుకుని, వెనక్కి వాలి, మొత్తం బలంతో లాగింది. వెనక చక్రాలు కీచుమన్నాయి. బండి తోక పక్కకి తిరిగింది. కాలవ రెయిలింగు నా కిటికీకి దగ్గరగా వచ్చింది. అంతే, ఆగింది. బాతులు మా బంపరు ముందునుంచి, ఒక్కటి కూడా తొందరపడకుండా, ఒక్కొక్కటే వెళ్ళాయి. మేం కదలడానికి లేదు. 

వెనకసీట్లోంచి నాన్నమ్మ, ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి అరువు తెచ్చుకుంటూ అంది. "బాతులు... పోయాకైనా... నన్ను... పోనిస్తార్రా?"

నాన్నమ్మకి వెటకారం ఉందంటే ప్రాణం ఉన్నట్టే. నాకు ధైర్యం వచ్చింది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, ఇంజెక్షనిచ్చాక నాన్నమ్మ పెదాలకి మళ్ళీ రంగొచ్చింది. డాక్టరమ్మ కాళ్ళకి నీరు పట్టిందేమోనని చీర కాస్త పైకి జరిపి చూసి ఆగిపోయింది. మోకాళ్ళ మీద చర్మం పొట్టు లేచిపోయి, ఎర్రగా మెరుస్తోంది. "ఏం రాశారండీ ఈవిడకి?" అంది. నాన్నగారు వంగి వాసన చూశారు. తరవాత అమ్మ వంగి వాసన చూసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అమ్మా, కిటికీలో టానిక్కు సీసా..." అన్నారు నాన్నగారు.

"ఆఁ, అదే" అంది నాన్నమ్మ, ఆక్సిజన్ గొట్టం పక్కకి జరిపి. "మంచి నూనెరా అది. భలే మంట పుడుతుంది. అయిపోయింది, మళ్ళీ తే."

సీసాలో ఆయిలు ఇంత తొందరగా తరిగిపోతోందేంటని, గున్నలో లీకు ఎక్కడుందా అని మా నాన్నగారు ఎన్నో ఆదివారాలు వెతికారు. లీకు వసారాలో, నులకమంచం మీద ఉంది. డాక్టరమ్మ అది ఏమిటో విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. అమ్మ గోడవైపు తిరిగి నవ్వు ఆపుకోలేక భుజాలు కదిలిస్తోంది. నాన్నగారు తల్లి ఎదురుగానే, నా మధ్యవర్తిత్వం లేకుండా, "సుగుణా, నువ్వు ఒలకబొయ్యలేదు" అన్నారు. ఆయన నిఘంటువులో క్షమాపణకి దగ్గరగా ఉన్న మాట అదొక్కటే. అమ్మ "కాఫీ తాగుతారా?" అని అడిగి, సమాధానం వినకుండా తేవడానికి వెళ్ళింది.

గున్నని మొదటిసారి మెకానిక్కు దగ్గర పెట్టారు. అతను ఉబ్బిన రబ్బర్లు అరచేతిలో వేసుకుని చూపించి, "ఆయ్, ఇలా చేస్తా ఉండండి మాస్టారూ, మా పొయ్యిలో పిల్లి పడుకోదు" అన్నాడు. కొత్త రబ్బర్లు, కొత్త ఆయిలు, అన్నీ కడిగి వేశాడు. బండి ఇంటికి వచ్చిన రోజు అమ్మ వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. నాన్నగారు గోనెపట్టా తేబోయారు. "పట్టా వద్దండీ. తాళం ఇవ్వండి. ఆపడం ఎలాగూ నేర్చుకున్నాను, కదపడం కూడా నేర్పండి" అంది. ఆయన నాన్నమ్మ వైపు చూశారు, అడ్డం పడుతుందేమోనన్న ఆశతో. నాన్నమ్మ మోకాళ్ళకి డాక్టరమ్మ ఇచ్చిన మందు రాసుకుంటూ, "నేర్పరా. ఈసారి నాకు ఆయాసం వస్తే ఇద్దరు డ్రైవర్లు అక్కర్లేదు" అంది.

ఆ రోజులు బంగారమనే రకాన్ని కాదు నేను. ఆ రోజుల్లో రోడ్లు బాగా లేవు, బ్రేకులు అసలే బాగా లేవు, మేం బతికి బట్టకట్టడంలో మా ప్రతిభ కంటే బాతుల ఓపిక ఎక్కువుంది. ఆ టై కుర్రాడు చెప్పాడు, ఇప్పుడు గాలి తియ్యడానికి మిషనుందట, పెడల్ తొక్కడానికి ఇంకో మనిషి అక్కర్లేదట. గంటలో నా బ్రేకు బాగుచేసి, కాఫీ ఇచ్చి పంపాడు. నాకు ఫిర్యాదేమీ లేదు. మా ఆయనా నేనూ ఒకే ఇంట్లో చెరో గదిలోంచి ఫోన్లో మెసేజీలు పెట్టుకుంటాం, మధ్యలో నాన్నమ్మలెవరూ లేకపోయినా. మా అమ్మా నాన్నగారూ ఒకరినొకరు చూడలేని చోట ఉండి అంతసేపు ఎలా మాట్లాడుకున్నారా అని మాత్రం అప్పుడప్పుడూ అనుకుంటాను.

అమ్మ తొందరగానే నేర్చుకుంది. మొదటి ఆదివారం మా అందరినీ చర్చికి తనే తీసుకెళ్ళింది. నాన్నమ్మ ముందుసీటు ఆక్రమించి, పెళ్ళికూతురిలా కూర్చుంది. నాన్నగారు నా పక్కన వెనకసీట్లో. మేకపిల్ల కనిపించినా, మలుపు వచ్చినా, ఆయన కుడికాలు కింద మ్యాట్‌ని బలంగా తొక్కేది. తొక్కేది, పట్టుకునేది, మళ్ళీ తొక్కేది. చర్చి దగ్గరికి వచ్చేసరికి ఆయన నుదుటి మీద చెమట. అమ్మ అద్దంలోంచి చూసింది గాని వెనక్కి తిరగలేదు. గేరు మార్చుకుంటూ, నాన్నమ్మ వింటుండగానే అంది. 

"అక్కడేం లేదండీ. ఊరికే కాలు నొప్పి."